సగం నిండిన డిస్కు

ఫిబ్రవరి 3

ఈ నోటుబుక్కు ఎప్పుడో ఆఫీసులో పంచితే తెచ్చి అలమరలో పడేశాను. ఇవాళ తీశాను. ఎవరితో మాట్లాడినా అరిచేస్తానేమోనని ఇందులో రాస్తున్నాను, అంతే.

పొద్దున్న అందరి ముందూ మేనేజర్ చల్లగా చెప్పాడు. ఇకనుంచి డిస్కుల్ని కాపాడే రెయిడ్ కోడ్‌కి నాతోపాటు సూది కూడా బాధ్యురాలట. "మీ భారం కాస్త తగ్గిద్దామని" అన్నాడు. తొమ్మిదేళ్ళు మోశాక ఇవాళ గుర్తొచ్చింది, అది భారమని.

సూది అన్న పేరు నేను పెట్టిందే. ఎవరు ఏ కోడ్ రాసి ఇచ్చినా ఎక్కడో ఒకచోట గుచ్చకుండా వదలదు. ఇప్పుడు ఆఫీసంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఆమె కూడా నవ్వి ఊరుకుంటుంది. అదే నాకు మరీ ఒళ్ళు మంట.

నేను ఏం చేస్తానో మేనేజర్‌ని చెప్పమంటే నీళ్ళు నములుతాడు. మూడు డిస్కుల్ని ఒక్క డిస్కులా చూపిస్తాను. పైనున్న ప్రోగ్రాము ఫలానా గడిలోది కావాలంటుంది. ఆ గడి నిజానికి ఏ డిస్కులో, ఎక్కడ ఉందో టేబుల్ చూసి దారి చూపించే పొర ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఉంటుంది. మ్యాపింగ్ పొర. పాత రెయిడ్ కోడ్‌ని తెచ్చి ఆ పొరకి అతికించినవాణ్ణి నేను. ఒక డిస్కు చచ్చినా, ఆ కోడ్ మిగిలిన రెండింటిని బట్టి లెక్కగట్టి పోయినదాన్ని రాబడుతుంది. పనిచేస్తున్నంతకాలం అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియదు.

నేనూ అంతే.

ఫిబ్రవరి 6

సూది మెయిల్.

"సర్, చిన్న సందేహం. డిస్కు మార్చినప్పుడు టేబుల్ కొత్తగా వేస్తున్నాం. కానీ ఎంతవరకు నింపామో చెప్పే గుర్తు పాతదే మిగిలిపోతోంది. దాన్ని సున్నా చెయ్యక్కర్లేదా?"

చిన్న సందేహమట.

"వాడుకలో అలా జరగదు. తొమ్మిదేళ్ళుగా జరగలేదు" అని రాసి పంపాను. మేనేజర్‌కి కూడా కాపీ పెట్టాను.

ఫిబ్రవరి 7

ఆమె జవాబు: "సరే సర్."

మధ్యాహ్నం టీ బాగా కుదిరింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

అక్క పనిచేసే ఆస్పత్రికి వెళ్ళి ఆమె మెషీన్‌లో మా కోడ్ కొత్త వెర్షన్ వేసి వచ్చాను. విడుదలై మూడు రోజులే అయింది. మన ఇంట్లో మనమే ముందు వాడకపోతే ఇంకెవరు వాడతారు?

అక్క గది మెట్ల కింద ఉంటుంది. గోడలకి నాలుగువైపులా స్పాంజి. గడియారం టిక్కుటిక్కు రికార్డులో పడుతోందని ఎప్పుడో తీయించేసింది. మైకు పెట్టాలంటే ఫ్యాను ఆపాలి, అందుకని ఆ గదిలో అందరికీ చెమటలే. గొంతు క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసెయ్యాల్సినవాళ్ళని, ఆపరేషన్‌కి ముందు అక్క ఆ గదిలో కూర్చోబెట్టి వాళ్ళ గొంతు రికార్డు చేస్తుంది. ఇది ఆమెకి ఎవరూ చెప్పిన పని కాదు. ఆమె పని ఆపరేషన్ అయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పడం. ఇది మాత్రం తనకి తోచి మొదలుపెట్టింది. పదిహేడేళ్ళు అయింది.

"చదవమని కాగితం ఇస్తానా, రెండు లైన్లు చదివి పక్కన పడేస్తార్రా. మొన్నొకాయన పాలవాడితో తగువు మొత్తం చెప్పాడు, గంటసేపు! పాలవాడి గొంతు కూడా ఆయనే" అని నవ్వింది.

"ఇంకో కాపీ ఎక్కడైనా పెట్టుకోవాలా?" అని అడిగింది. ఆస్పత్రి వాళ్ళు వేరే చోటు ఇవ్వలేమన్నారట. "మూడు డిస్కులున్నాయి. ఒకటి పోయినా భయం లేదు. ఆ కోడ్ రాసింది ఎవరనుకున్నావ్?" అన్నాను. ఆమె నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి.

డిస్కులకి తనిఖీ మొదలుపెట్టాను. సగమయ్యేసరికి బావ భోజనానికి రమ్మని ఫోన్ చేశాడు. ఆపేసి వచ్చేశాం.

మార్చి 10

అక్క మెషీన్‌లో ఎర్ర దీపం. ఒక డిస్కు చెడిపోయే దారిలో ఉంది. తీసి కొత్తది పెట్టమన్నాను. ఫోన్‌లో చెబుతుంటే ఆమే చేసింది. "పైనుంచి రెండోదేనా? రెండోదే కదా? లాగుతున్నా" అంటూ, బాంబు తీస్తున్నట్టు.

కొత్త డిస్కుని నింపడానికి ఎనిమిది గంటలైనా పడుతుందనుకున్నాను. నాలుగు గంటల్లో అయిపోయింది. డిసెంబరులో తిరగరాసిన భాగం ఇంత వేగం ఇస్తుందని నేనే అనుకోలేదు. రేపు మీటింగులో ఈ ముక్క చెప్పాలి, సూది వింటుండగా.

మార్చి 13

అక్క ఫోన్. మీటింగు గది బయట నిలబడి మాట్లాడాను.

"పాత రికార్డుల్లో మాట మధ్యలో మాయమైపోతోందిరా. పది పన్నెండు సెకన్లు వస్తుంది, తర్వాత ఐదారు సెకన్లు ఏమీ ఉండదు, మళ్ళీ వస్తుంది. కొన్ని అసలు తెరుచుకోవట్లేదు."

లోపల నా పేరు పిలుస్తున్నారు. రిపేర్ కమాండ్ ఒకటి చెప్పి నడపమన్నాను. డిస్కుల మధ్య తేడాలుంటే అదే సరిచేసుకుంటుందని.

"ఏం కాదుగా?" అంది.

"ఏం కాదు."

మార్చి 14

భోజనానికి వెళ్ళలేదు. అందరూ వెళ్ళాక టెస్టు మెషీన్‌లో చేసి చూశాను. తనిఖీ మొదలుపెట్టి, సగంలో ఆపి, డిస్కు మార్చి.

తనిఖీకీ, నింపడానికీ ఒకటే గుర్తు. ఆ పాత గుర్తు చెరగలేదు. సగం దగ్గరే ఉండి, కొత్త డిస్కుకి అంటుకుంది. సగం నింపేశాం అనుకుని కోడ్ రెండో సగమే నింపింది. మొదటి సగం ఖాళీ. కానీ నిండినట్టే లెక్క, అందులోంచే చదివి ఇస్తోంది. అందుకే నాలుగు గంటలు.

అప్పటికీ మించిపోలేదు. మిగిలిన రెండు డిస్కుల్ని బట్టి ఆ సగం రాబట్టొచ్చు. రిపేర్ నడపకపోతే. అది ఆ ఖాళీనే నిజమని నమ్మి, మిగతా డిస్కుల్లోని లెక్కని దానికి తగ్గట్టు దిద్దుకుంటూ పోతుంది.

రిపేర్ నిన్న రాత్రికే పూర్తయిందని అక్క పొద్దున్నే మెసేజ్ పెట్టింది. చివర బొటనవేలి బొమ్మ.

ఇంకోసారి చేసి చూడాలి. టెస్టు మెషీన్‌లో జరిగినదే అక్కడా జరిగిందని రూలేం లేదు. పూర్తిగా తేలకుండా ఆమెని కంగారుపెట్టడం దేనికి?

మార్చి 15, శనివారం

అక్క దగ్గరికి వెళ్ళాను, చెప్పడానికే.

నేను నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నేనే తప్పు డిస్కు లాగానేమోరా. నువ్వు రెండోది అన్నావు. పైనుంచి రెండోదా, కిందనుంచి రెండోదా?"

మూడింటిలో పైనుంచైనా కిందనుంచైనా రెండోది ఒక్కటే. ఆ సంగతి ఆమెకి తట్టలేదు. నాకు తట్టింది.

"ఇప్పుడవన్నీ ఎందుకులే అక్కా" అన్నాను.

కాదని అనలేదు. అవునని కూడా అనలేదు. ఆమెని ఓదార్చాను, అంతే. ఎవరైనా అదే చేస్తారు.

నలభై ఒక్క మంది రికార్డులట. జాబితా రాసి పెట్టుకుంది. పేర్ల పక్కన ఆపరేషన్ తేదీలు.

మార్చి 17

మూడోసారి చేసి చూశాను. అదే.

మార్చి 18

నాలుగోసారి.

మార్చి 20

ముందు కోడ్ సరిచేసి, ఆ తర్వాత చెబితే బాగుంటుంది. చేతిలో మందు పట్టుకుని వెళ్ళినట్టు. లేకపోతే ఆమె నన్ను అడిగేది ఒకటే, ఇప్పుడేం చెయ్యాలని. దానికి నా దగ్గర జవాబు లేదు.

దిద్దడానికి ఒక్క లైను చాలు. గుర్తుని సున్నా చెయ్యడమే. ఆ లైను ఎవరు చెప్పారని అడుగుతారు.

మార్చి 25

అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పనిలో ఉన్నాను.

పనిలో లేను. ఫోన్ బల్ల మీద పెట్టి, అది కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 27

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా గుర్తుంచుకుంటాను.

పదకొండింటికి సూది నా బల్ల దగ్గరికి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు.

"సర్, మీకు ముందు చెప్పి, తర్వాత అందరికీ పంపుదామని వచ్చాను. డిస్కు మార్చినప్పుడు పాత గుర్తు మిగిలిపోతే సగం డిస్కు ఖాళీగా ఉండిపోతోంది. నాలుగు రకాలుగా చేసి చూశాను."

"అవునా" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. నా వెనక టెస్టు మెషీన్ తెర మీద నేను పొద్దున్న నడిపిందే ఉంది. అదే పరీక్ష. ఏడోసారి.

"మీకు తెలుసా సర్?"

చెయ్యి వెనక్కి చాచి తెర ఆపేశాను.

"ఫిబ్రవరిలో నేను అడిగింది ఇదే. తొమ్మిదేళ్ళుగా జరగలేదన్నారు. ఆ భాగం మీరు తిరగరాసింది డిసెంబరులో సర్. దాని వయసు అప్పటికి రెండు నెలలు."

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండును, నేనూ పెంచేవాణ్ణి.

"ఎవరికైనా డేటా పోయిందా?" అని అడిగింది.

"ఒకళ్ళకి."

"రిపేర్ కూడా నడిపేశారా?"

తల ఊపాను.

"పోనీ, పాత డిస్కు ఉంటుందిగా సర్? మార్చేసిన డిస్కు. పూర్తిగా చచ్చి ఉండదు, ఎర్ర దీపం రాగానే తీసేస్తారు కాబట్టి. పోయిన ముక్కలన్నీ దాంట్లోనే ఉంటాయి. దాన్ని పారెయ్యొద్దని చెప్పండి చాలు. నేను కూర్చుని రాబట్టిస్తాను."

పదమూడు రోజులు. కోడ్ చూశాను, గుర్తు చూశాను, అక్క ముఖం చూశాను. పాత డిస్కు సంగతి నాకు తట్టనే లేదు. తట్టలేదనే రాస్తున్నాను. తట్టిందా? అది తట్టి ఉంటే ఆ రోజే ఫోన్ చేసి అడగాలి. అడిగితే ఎందుకని ఆమె అడుగుతుంది. అందుకని తట్టనివ్వలేదేమో.

ఆటో పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. దారిలో ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. ఆమెకి నిజంగానే పని ఉంటుంది.

గదిలో ఒకామెకి బుగ్గలు పూరించి గాలి వదలడం నేర్పుతోంది. ఆమె వెళ్ళేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. తర్వాత లోపలికి వెళ్ళి, నిలబడే, "పాత డిస్కు ఎక్కడుంది?" అన్నాను.

"ఇచ్చేశాను. రోగుల వివరాలున్న డిస్కులు బయటికి పోకూడదు కదా. పాత సామాను తీసుకెళ్ళేవాళ్ళు వచ్చి, నా ముందే డ్రిల్లుతో నాలుగు బెజ్జాలు పెట్టి పట్టుకెళ్ళారు."

"ఎప్పుడు?"

"మొన్న మంగళవారం. ఇవ్వొచ్చా అని నిన్ను అడుగుదామని రెండుసార్లు ఫోన్ చేశాను."

కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు చెప్పాను. డిసెంబరు నుంచి మొదలుపెట్టి, సూది మెయిల్, నా జవాబు, సగంలో ఆపిన తనిఖీ, రిపేర్, అన్నీ. అయ్యాక అక్క ఒకటే అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పద్నాలుగున."

బల్ల సొరుగు లాగింది. ఖాళీ సొరుగు. "ఇక్కడే ఉంది" అంది. "ఇరవై అయిదు దాకా ఇక్కడే ఉంది. నువ్వు శనివారం వచ్చి కూర్చున్నావే, నీ మోకాలు తగులుతూనే ఉంది ఈ సొరుక్కి."

సొరుగు మూసి, "నేను తప్పు డిస్కు లాగలేదన్నమాట" అంది.

"లేదక్కా."

"పన్నెండు రోజులు నిద్రపోలేదు నేను."

వెళ్ళమని అనలేదు. నేనే లేచి వచ్చాను.

మార్చి 30

ఫోన్ బావ ఎత్తాడు. "మీ అక్క పడుకుంది" అన్నాడు. సాయంత్రం ఐదింటికి. వెనక ఆమె గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఏప్రిల్ 2

సూది ఆ ఒక్క లైను రాసింది. దాని కింద వివరణ రెండు పేజీలు. లోపం ఏమిటి, ఎప్పుడు వచ్చింది, ఎవరు ఎప్పుడు అడిగారు, ఏ జవాబు వచ్చింది.

"ఆ మెయిల్ సంగతి రాయాలా?" అన్నాను.

"వద్దంటారా సర్? మీరే చెప్పండి."

నిజంగానే అడిగింది. వద్దంటే తీసేసేది. ఆమె ఒక నిమిషం చూసి, పంపేసింది.

మేనేజర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇలాంటివి జరుగుతుంటాయి. ఒకందుకు మంచిదే, మీ అక్కగారి వల్ల మనకి మంచి టెస్టు దొరికింది" అన్నాడు. ఆ చెయ్యి తీసేదాకా అలాగే నిలబడ్డాను.

ఏప్రిల్ 8

అక్క మెసేజ్. మార్చి పద్నాలుగు తర్వాత ఆమె నాకు పెట్టిన మొదటిది. "శనివారం తొమ్మిదింటికి రా. ఒక్కొక్కళ్ళనీ పిలిపిస్తున్నాను. మిగిలింది ఇచ్చేస్తాను. ఎందుకు పోయిందో నువ్వు చెప్పాలి."

కింద బొమ్మలేమీ లేవు.

ఒంట్లో బాగాలేదని రాద్దామనుకున్నాను. రాశాను కూడా. చెరిపేశాను.

ఏప్రిల్ 12, శనివారం

వెళ్ళాను.

మెట్ల పక్కన బెంచీల మీద తొమ్మిదికే జనం. గొంతుల దగ్గర పలచటి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు, పక్కన ఇంట్లోవాళ్ళు. అంతమంది కూర్చున్నా చడీచప్పుడు లేదు. కొన్నిచోట్ల ఇంట్లోవాళ్ళే ఉన్నారు, గుడ్డ కట్టుకున్న మనిషి లేడు.

మొదట వచ్చింది ఒక బస్సు డ్రైవరు, ఆయన భార్య. ఆపరేషన్ అయి ఏడాదిన్నర. చేతిలో చిన్న పలక. ఆమె ఆకుపచ్చ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. ఈ రికార్డు ఆమె ఒక్కసారి కూడా వినలేదట. ఇంట్లో గొడవలన్నీ సద్దుమణిగాక తీరిగ్గా విందామని దాచుకుందట. దాచుకున్నది ఇక్కడ.

అక్క ఫ్యాను ఆపింది. రికార్డు పెట్టింది.

పెద్ద గొంతు. ఇంజను మోతని దాటి అరిచి అరిచి అలవాటైన గొంతు. పలక పట్టుకుని కూర్చున్న ఆ బక్క మనిషిది అంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఇదిగో, వినబడుతోందా? అద్దాల గదిలో పెడతారనుకున్నా, మెట్ల కింద కూర్చోబెట్టారు. ఏదో కాగితం ఇచ్చి చదవమన్నారు. చదివేది బడికెళ్ళేటప్పుడే చదవలేదు..."

ఆరు సెకన్లు ఏమీ లేదు.

"...అందుకని నీకే చెబుతున్నా. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేశాం. ఇదిగో అన్నాను, ఏయ్ అన్నాను, ఎక్కడ చచ్చావ్ అన్నాను. ఒక్కనాడు పేరు పెట్టి పిలవలేదు. రేపటినుంచి పిలుద్దామన్నా కుదరదు. అందుకని ఇవాళ పిలుస్తా. విను."

ఆరు సెకన్లు.

"...బాగుందా? నాకే సిగ్గేస్తోంది. సరే, గ్యాసు కట్టెయ్యడం మర్చిపోకు."

ఆమె అక్క వైపు చూసింది. "ఆగిపోయిందామ్మా?"

"లేదమ్మా. అక్కడ లేదు."

"ఇంకోసారి పెట్టండి."

అక్క మళ్ళీ పెట్టింది. "విను" అన్న మాట రాగానే ఆమె ముందుకి వంగి చెవి స్పీకరుకి ఆనించింది. ఆ ఆరు సెకన్లూ అలాగే ఉంది. ఆయన తల వంచుకున్నాడు.

ఆయన పలక మీద ఏదో రాసి ఆమెకి చూపించాడు. ఆమె పేరు. ఆమె దాన్ని చేత్తో పక్కకి తోసేసింది. "రాత నేను రోజూ చూస్తున్నాగా" అంది.

తర్వాత నా వైపు తిరిగింది. "మీరేనా బాబూ, ఎందుకు పోయిందో చెబుతానన్నది?"

నిన్నంతా కూర్చుని తయారుచేసుకున్నాను. డిస్కులంటే ఏమిటి, గుర్తు అంటే ఏమిటి, మామూలు మాటల్లో. కాగితం జేబులోనే ఉంది.

"నేను రాసిన దాంట్లో తప్పు ఉందమ్మా" అన్నాను. "తప్పు తెలిశాక కూడా పదమూడు రోజులు చెప్పలేదు."

"అప్పుడే చెప్పుంటే ఉండేదా?"

అక్క వైపు చూశాను. ఆమె నావైపు చూడటం లేదు. రికార్డు కాపీ చేసిన చిన్న పెన్‌డ్రైవ్‌ని కవరులో పెడుతోంది.

"ఉండేదమ్మా."

ఆమె తిడుతుందనుకున్నాను. కవరు అందుకుని సంచిలో పెట్టుకుంది. జిప్పు మధ్యలో ఇరుక్కుంటే రెండు చేతులతో లాగి వేసింది. ఆయనకి చెయ్యి ఆసరా ఇచ్చి లేపింది. గుమ్మం దగ్గర ఆయన ఆగి, పలక చంకలో పెట్టుకుని, అలవాటుగా అక్కకి దండం పెట్టాడు. నన్ను దాటుకుని వెళ్ళిపోయారు.

అక్క ఫ్యాను వెయ్యలేదు. జాబితాలో మొదటి పేరు పక్కన టిక్కు పెట్టింది. నేను లేవబోయాను.

"ఎక్కడికి? ఇంకా నలభై మంది ఉన్నారు" అంది. "తర్వాతవాళ్ళని పిలువు."

నేను బెంచీల వైపు చూశాను.

"పేరు పెట్టి పిలువు" అని జాబితా నా చేతిలో పెట్టింది.